కార్బురేటరు బాగుచేయించాక ఇంజను గాలి లాగకపోతే



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వానను నమ్ముకొని లెక్క వేసుకోవడానికి వీలులేదు. ఆషాఢంలో ఆకుమడి పోస్తాం. నాగావళికో, వంశధారకో, సువర్ణముఖికో, చంపావతికో వరద వస్తుంది. వచ్చినంత వేగంగానూ తీసిపోతుంది. తీరా వుభాల వేళకు వాన ముఖం చాటేస్తుంది. కాలువ శివారున భూమి వున్నవారు, చెరువు కింద ఆఖరి మడి వున్నవారు అప్పుడు గెడ్డకో నూతికో ఇంజను దింపుతారు. వూరూరా కరెంటు మోటార్లు వచ్చినా చిన్న పెట్రోలు పంపుసెట్టు మూల పడలేదు. తీగ పోని గెడ్డ గట్టున అదే గతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వుద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా నేల కూలాయి. ఆ రోజులలో ఇంజను వున్నవాని విలువ యేమిటో ఇరుగుపొరుగుకు బాగా తెలిసివచ్చింది.

అటువంటి ఇంజను సరిగా పని పడిన రోజున మొరాయిస్తుంది. సైకిలుకో, ఆటోకో కట్టి పట్నం తీసుకుపోతారు. కార్బురేటరు పాడైందంటారు. విప్పి, కడిగి, కొత్త కిట్టు వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చి గట్టున పెట్టి తాడు లాగితే వులుకూ పలుకూ వుండదు. దారినపోయే బావమరిది అడుగుతాడు: “ఏటి బావా, ఇంజను బాగుసేయించి తెచ్చీసినావన్నారు, మడిలో నీరు నేదేటి?” “ఏటి సెప్పమంటావు? కొత్త కిట్టు ఏయించినాను. తాడు లాగి లాగి సెయ్యి పడిపోతంది గాని, అది దగ్గనైనా దగ్గదు.”

ఇది నవ్వుకొని వదిలేసే సంగతి కాదు. ఇంజను పట్నానికీ పొలానికీ మధ్య తిరుగుతూ వుంటే ఆకుమడిలో ఆకు ముదిరిపోతుంది. నెల రోజుల లోపు నాటవలసిన ఆకు నెలన్నర దాటి మడిలో దిగితే దుబ్బు కట్టదు, పిలకలు తగ్గుతాయి. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా పోయిన పిలక తిరిగి రాదు. అందుచేత, బాగుచేయించిన కార్బురేటరు యెందుకు పనిచేయడం లేదో పొలం గట్టునే తేల్చుకొనే మార్గం ఈవేళ మీకు చెప్తాను. దీనికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. మీ అరచెయ్యి చాలు.

ముందు లాగుడు అంటే యేమిటో తెలుసుకుందాం. మెకానిక్కులు దీన్ని వాక్యూం అంటారు. మీ పంపు నూతిలో నీటిని లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి పంపు చేసేది పైపులో గాలిని ఖాళీ చేయడమే. బయటి గాలికి బరువుంది. ఆ బరువు నూతిలోని నీటిమీద అదిమితే, ఖాళీ అయిన పైపులోకి నీరు ఎక్కుతుంది. గాలికి బరువుందనే సంగతిని ఇటలీ దేశంలో టారిచెల్లి అనే పండితుడు 1643లో పాదరసం గొట్టంతో రుజువు చేశాడు. ఆ బరువు సముద్రమట్టం దగ్గర నీటిని సుమారు 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు మాత్రమే నిలబెట్టగలదు. పైపు రాపిడీ, పంపు లోపాలూ పోగా మనకు దక్కేది 7 మీటర్ల వరకే. అంతకన్న లోతున నీరు వుంటే యెంత పెద్ద పంపు గట్టుమీద పెట్టినా రాదు.

ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. పిస్టను కిందికి దిగుతుంది. ఆ సమయానికి లోపలికి గాలి తీసుకొనే వాల్వు తెరుచుకుంటుంది. సిలిండరులో చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి కార్బురేటరు గుండా లోపలికి దూసుకువస్తుంది. కార్బురేటరు నడుమ గొంతుక సన్నగా వుంటుంది. సందులో గాలి జోరుగా వీచినట్టే, ఆ గొంతుకలో గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. దీన్ని వెంచురి అనే మరొక ఇటలీ పండితుడు 1797లో వివరించాడు. అందుకే ఆ గొంతుకను ఆయన పేరుతో పిలుస్తారు. అక్కడే పెట్రోలు నాజిలు వుంటుంది. కింద గిన్నెలో వున్న పెట్రోలుమీద బయటి గాలి అదిమి, దానిని నాజిలులోంచి పైకి తోస్తుంది. అది తుంపరలై గాలిలో కలిసి సిలిండరులోకి పోతుంది. ఒక లీటరు పెట్రోలు సరిగా మండటానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. అంత గాలీ ఆ చిన్న గొంతుక గుండానే పోవలెను.

ఇందులో గుర్తుంచుకోవలసిన ముక్క ఒకటి వుంది. లాగుడును పుట్టించేది కార్బురేటరు కాదు. పిస్టనూ వాల్వులూ పుట్టిస్తాయి. కార్బురేటరు దాన్ని వాడుకుంటుంది, అంతే. కనుక లాగుడు లేదంటే, కొత్త కార్బురేటరు కొనడానికి పరుగెత్తకూడదు. లాగుడు పుట్టనే లేదా, పుట్టినది దారిలో కారిపోతున్నదా, వున్నా దానికి పెట్రోలు అందడం లేదా అని మూడు ప్రశ్నలు వేసుకోవలెను.

ఈ మూడింటికీ ఒక్కటే పరీక్ష. ఇంజను చల్లగా వున్నప్పుడు చేయండి. స్విచ్చి ఆపివేయండి. ప్లగ్గు తీగ వూడదీసి, ప్లగ్గుకు దూరంగా పెట్టండి. దగ్గరలో బీడీ, చుట్ట, లాంతరు, పొయ్యి వుండకూడదు. ఇది మాటవరసకు చెప్పేది కాదు సుమా. పెట్రోలు ఆవిరి కంటికి కనబడకుండా నేలమీద పాకుతూ పోయి దూరాన వున్న నిప్పును కూడా అందుకుంటుంది. పెట్రోలు కాకు తెరవండి. గాలి వడపోత డబ్బా విప్పితే కార్బురేటరు మూతి కనబడుతుంది. చోకు పూర్తిగా తీసివేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి వుంచండి. యాక్సిలరేటరు తెరవడం మరువకూడదు. అది మూసివుంటే లోపలి బిళ్ళ దారికి అడ్డుగా నిలుస్తుంది. అవతల లాగుడు పుష్కలంగా వున్నా ఇవతల మీ చేతికి తెలియదు. ఇప్పుడు అరచెయ్యి మూతికి బాగా ఆనించి, రెండో మనిషిచేత తాడు నాలుగైదుసార్లు లాగించండి.

మొదటి ఫలితం. అరచెయ్యి మూతికి అంటుకున్నట్టు లాగింది, చెయ్యి పెట్రోలుతో తడిసింది. ఇంజను లాగుడు బాగున్నది, పెట్రోలూ అందుతున్నది. కార్బురేటరును నిందించకండి. ప్లగ్గులో నిప్పురవ్వ చూడవలెను, పాత పెట్రోలు వున్నదేమో చూడవలెను.

రెండో ఫలితం. చెయ్యి లాగింది గాని పొడిగా వుంది. లాగుడు వున్నది, పెట్రోలు దారి మూసుకుపోయింది.

మూడో ఫలితం. చెయ్యి లాగనే లేదు, లేక లాగీ లాగనట్టుగా వుంది. లాగుడు పుట్టడం లేదు, లేదా దారిలో ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతున్నది.

మూడో ఫలితం వచ్చినవారు ఏం చేయాలో ముందు చూద్దాం. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంమీద బొటనవేలు గట్టిగా పెట్టి తాడు లాగండి. వేలిని లోపలి గాలి ఎగదోయవలెను. కొన్ని ఇంజన్లలో తాడు తేలికగా రావడానికి ఒత్తిడి తగ్గించే ఏర్పాటు వుంటుంది గనుక తాడు తేలికగా వచ్చినంత మాత్రాన భయపడకండి. వేలిని యేమాత్రం తోయకపోతే లోపం కార్బురేటరులో లేదు. వాల్వు సరిగా కూర్చోవడం లేదు, లేదా రింగులు అరిగాయి, లేదా హెడ్డు గాస్కెట్టు పోయింది. టాపెట్ల సందు కూడా కొలిపించండి. మనవైపు వాడే చిన్న పెట్రోలు ఇంజన్లలో అనేకానికి గాలి లోపలికి పోయే వాల్వుకు 0.15 మిల్లీమీటరు, పొగ పోయే వాల్వుకు 0.20 మిల్లీమీటరు సందు వుండాలి. మీ ఇంజను పుస్తకంలో యెంత వుందో అదే ప్రమాణం. సందు బొత్తిగా లేకపోతే వాల్వు మూసుకోదు. మూసుకోని వాల్వుతో లాగుడు వుండదు.

వేలిని బాగా తోసి, అరచేతిని మాత్రం లాగకపోతే దొంగ గాలి సంగతి చూడాలి. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య నల్లని దిమ్మ ఒకటి వుంటుంది. ఇంజను వేడి కార్బురేటరుకు తగలకుండా పెట్టినది. దానికి రెండుపక్కలా గాస్కెట్లు వుంటాయి. బాగుచేసినప్పుడు ఒకటి వేసి రెండోది మరిచిపోవడం, చిరిగినదానినే మళ్ళీ పెట్టడం మామూలు. దిమ్మ చిట్లిందేమో వెలుతురులో చూడండి. కార్బురేటరు అంచుమీద ఇనుప స్కేలు నిలబెట్టి చూడండి. కింద వెలుగు కనబడితే అంచు వంగినట్టే. నట్టు ఒకవైపు అతిగా బిగిస్తే వంగుతుంది. రెండువైపులా కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించవలెను.

ఇంజను ఎలాగో అంటుకొని, వేగం నిలవకుండా ఎగిరెగిరి పడుతూ వుంటే అదీ దొంగ గాలి లక్షణమే కావచ్చు. అప్పుడు నెమ్మదిగా తిరుగుతున్న ఇంజను జాయింట్లమీద సబ్బునీళ్ళు చుక్క చుక్కగా వేయండి. ఏ చుక్క దగ్గర ఇంజను చప్పుడు మారిందో అక్కడే సందు వుంది. కొందరు మేస్త్రీలు దీనికి పెట్రోలే చల్లుతారు. వేడి సైలెన్సరు పక్కన ఆ పని చేయవద్దు, చేయనీయవద్దు. చోకు సగం వేస్తే ఇంజను కుదురుకొని, తీసివేస్తే తడబడుతూ వుంటే గాలి ఎక్కువైందన్నమాట, లేదా పెట్రోలు తక్కువైందన్నమాట.

ఇక రెండో ఫలితం, లాగుడు వుండి చెయ్యి తడవకపోవడం. ముందుగా ట్యాంకు మూతను వదులు చేసి చూడండి. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు దిగదు. బిందె మూతిని అరచేతితో మూసి వంచితే నీరు సరిగా పడదు గదా, అలాగే. తర్వాత గిన్నె కిందనున్న బోల్టు వదులు చేసి, శుభ్రమైన సీసాలోకి పట్టండి. పెట్రోలు ధారగా రాకపోతే కాకు, జల్లెడ, లేదా గిన్నెలోకి పెట్రోలు వదిలే సూది వాల్వు పట్టేసింది. ధారగా వస్తే లోపం గిన్నెకు పైన, జెట్టులో వుంది.

గిన్నెకు కూడా ఒక గాలి రంధ్రం వుంటుంది. గిన్నెలోని పెట్రోలుమీద బయటి గాలి అదిమితేనే అది పైకి ఎక్కుతుందని చెప్పాను. ఆ రంధ్రం మూసుకుంటే జెట్టు యెంత శుభ్రంగా వున్నా ఉపయోగం లేదు. కొన్ని ఇంజన్లలో ఈ గాలి దారి ఆ నల్లని దిమ్మలోని గాడి గుండా, గాస్కెట్టులోని కోత గుండా పోతుంది. గాస్కెట్టు తిరగవేసి పెడితే దారి మూసుకుపోతుంది. అన్నీ కొత్త సామాన్లే, అయినా ఇంజను నడవదు. కిట్టు వేయించిన కార్బురేటరు నడవలేదంటే మొదట చూడవలసిన చోట్లలో ఇది ఒకటి.

బాగుచేసేటప్పుడు జరిగే తక్కిన పొరపాట్లు కూడా చెప్తాను. మేస్త్రీ సోదరులు వింటున్నట్లయితే వారికీ పనికివస్తుంది. గాస్కెట్టు మంచిదే అని దానిమీద పేస్టు దట్టంగా పూస్తే, బిగించినప్పుడు అది లోపలికి పొంగి సన్న రంధ్రాలను మూసివేస్తుంది. జెట్టును ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. తర్వాత పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ విడుస్తుంది. జెట్టును కార్బురేటరు కడిగే ద్రవంలో నానబెట్టి గాలి వూదించాలి. వెలుతురుకు ఎత్తి చూస్తే గుండ్రని చుక్క తేటగా కనబడాలి. యాక్సిలరేటరు బిళ్ళ అంచులు ఏటవాలుగా కోసి వుంటాయి. తిరగవేసి బిగిస్తే పూర్తిగా మూసుకోదు. రబ్బరు రింగు ఒకటి జారిపోయినా గాలి కారుతుంది. విప్పే ముందు ప్రతి దశలో సెల్‌ఫోనుతో ఒక్కొక్క ఫొటో తీసి పెట్టుకుంటే బిగించేటప్పుడు వెతుకులాట వుండదు.

మీలో కొందరి ఇళ్ళలో పాత అంబాసిడరు కారో, పెట్రోలు జీపో వుండవచ్చు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినా బండ్లు ఇంకా అక్కడక్కడ తిరుగుతున్నాయి. వాటి విషయంలో ఒక తికమక తరచు వస్తుంది. కార్బురేటరు బాగుచేయించాక, దాని పక్కనుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నగొట్టం వూడదీసి వేలు పెట్టి చూస్తారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ వుంటుంది. వేలికి లాగుడు తెలియదు. రిపేరు చెడిపోయిందని గోల పెడతారు. తొందరపడకూడదు. ఆ గొట్టం రంధ్రం సాధారణంగా యాక్సిలరేటరు బిళ్ళకు గాలి వచ్చే వైపున, అంచుకు ఆనుకొని వుంటుంది. బిళ్ళ మూసివున్నప్పుడు లాగుడంతా బిళ్ళకు అవతల, ఇంజను వైపున వుండిపోతుంది. కనుక నెమ్మది నడకలో ఆ రంధ్రానికి లాగుడు లేకపోవడమే సరి. కొద్దిగా యాక్సిలరేటరు తొక్కిస్తే బిళ్ళ అంచు రంధ్రాన్ని దాటుతుంది. అప్పుడు వేలికి లాగుడు తెలియాలి. అప్పుడూ తెలియకపోతే ఆ రంధ్రం మసితోనో పేస్టుతోనో మూసుకుపోయింది, లేదా గాస్కెట్టు అడ్డుపడింది.

కారు ఇంజను అసలు లాగుడును కొలవాలంటే గేజిని కార్బురేటరు కింద మానిఫోల్డుకు తగిలించాలి. మంచి ఇంజను నెమ్మది నడకలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం, అంటే 43 నుంచి 53 సెంటీమీటర్ల దాకా ముల్లు కదలకుండా చూపుతుంది. ముల్లు నిలకడగానే వుండి తక్కువ చూపితే దొంగ గాలినీ, ఇంజను టైమింగునూ చూడాలి. ముల్లు ఒక వరసలో టకటకా కొట్టుకుంటూ వుంటే వాల్వుల సంగతి చూడాలి. ఒక్క సిలిండరు పంపుసెట్టుకు ఈ గేజి పనికిరాదు. ముల్లు ఎప్పుడూ ఎగురుతూనే వుంటుంది. దానికి అరచేతి పరీక్షే సరైనది.

ఇంజను చక్కగా నడుస్తున్నా నీరు రాకపోతే, లాగుడు లోపం పంపువైపు వున్నదన్నమాట. పంపులో నీరు నింపారా, ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కున్నదా, లాగే పైపు జాయింటులో గాలి దూరుతున్నదా చూడండి. పైపునిండా నీరు పోసి కొంతసేపు ఆగండి. మట్టం దిగిపోతే ఫుట్‌వాల్వు కారుతున్నది. జాయింటులో సందు వుంటే పంపు నీటితోపాటు గాలిని మింగి, బయట నీరు బుడబుడమంటూ పడుతుంది.

జబ్బు వచ్చాక వైద్యం కన్న రాకుండా చూసుకోవడం మేలు. ఇప్పుడు బంకులలో దొరికే పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకూ ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రతీరపు తేమలో నెలల తరబడి గిన్నెలో పెట్రోలు నిలవుంటే నీరు అడుగున చేరి జెట్టుకు పొక్కు కడుతుంది, పాత రకం రబ్బరు వుబ్బుతుంది. కనుక పని అయిపోయి ఇంజనును లోపల పెట్టే రోజున కాకు కట్టి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపండి. మిగిలినది కింద బోల్టు తీసి వంచేయండి. ట్యాంకులోనూ నిలవ వుంచవద్దు. మళ్ళీ వుభాలకు ఒక వారం ముందే, అంటే నీటి అవసరం రాకమునుపే, తీసి నడిపి చూడండి. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపాను నెలలు. అప్పుడు కూడా ఒకసారి నడిపి చూసుకోండి.

చివరగా ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. పట్నంలో కుర్ర మెకానిక్కుల చేతికి కార్బురేటరు వచ్చే సందర్భాలు తగ్గిపోతున్నాయి. అందుచేత ఇంజను వున్న రైతుకే దాని సంగతి కొంత తెలిసివుండడం అవసరం. ఇంజను తీసుకుపోయేటప్పుడు “పని సేయడం నేదు బాబూ” అని మాత్రం చెప్పి ఊరుకోకండి. “చెయ్యి లాగింది గాని తడవలేదు” అనో, “వేలిని తోసింది గాని అరచెయ్యి లాగలేదు” అనో చెప్పండి. ఆ ఒక్క ముక్కతో మేస్త్రీకి సగం పని తప్పుతుంది. అక్కరలేని కిట్టుకూ, కొత్త కార్బురేటరుకూ మీరు డబ్బు పోయనక్కరలేదు. ఆకు ముదరకముందే మడికి నీరు అందుతుంది.

సెలవు.